హ్యూస్ దొర ఊళ్ళో పంతులమ్మ

ఇవాళ మనం వార్తల్లో డొనెట్స్క్ అని వింటున్న ఊరి మొదటి పేరు యూజొవ్‌కా. జాన్ హ్యూస్ అనే వేల్స్ దేశస్థుడి పేరు మీద వెలిసిన ఊరది. "హ్యూస్" అక్కడివాళ్ళ నోట్లో "యూజ్" అయింది, దానికి ఊరి పేర్లకు తగిలించే తోక ఒకటి చేరింది. హైదరాబాదులో మూసియో రేమండ్ పేరు అరిగి అరిగి మూసారాంబాగ్ అయిందంటారు చూడండి, ఇదీ అలాంటిదే.

హ్యూస్ పెద్దగా చదువుకున్నవాడు కాదు. పెద్ద అక్షరాలు మాత్రమే చదవగలిగేవాడని చెబుతారు. కానీ ఇనుము పని తెలుసు. యుద్ధనౌకలకు కవచపు రేకులు పోసే పనిలో పేరు తెచ్చుకుని, జారు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 1869లో కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది ఎనిమిది ఓడల్లో సామాను వేసుకుని, దాదాపు వందమంది వెల్ష్ పనివాళ్ళతో స్టెప్పీ మైదానంలో దిగాడు. 1872 కల్లా కొలిమి వెలిగింది. ఇరవై ఏళ్ళలో అక్కడ గనులు, ఫ్యాక్టరీ, బ్యారక్‌లు, ఇంగ్లీషువాళ్ళ చర్చి, బడి, అన్నీ వచ్చేశాయి.

1889లో హ్యూస్ చనిపోయాడు. ఆ ఏడాదే ఆయన కొడుకు ఆర్థర్ హ్యూస్ పిల్లలకు చదువు చెప్పడానికి వేల్స్ నుంచి ఆనీ గ్వెన్ జోన్స్ అనే అమ్మాయి బయల్దేరి వచ్చింది. అప్పటికి ఆమెవి ఇరవైల మొదటి ఏళ్ళు. ఆ కాలంలో ఒంటరి ఆడపిల్ల యూరప్ ఈ కొస నుంచి ఆ కొసకి రైళ్ళు మారుకుంటూ వెళ్ళడం చిన్న విషయం కాదు. మూడేళ్ళు ఉంది. 1892లో తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత ఒక హెడ్మాస్టరుని పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది, ఆ మూడేళ్ళ సంగతులు పిల్లలకు కథలు కథలుగా చెప్పింది. ఆ కథలు విన్న కొడుకు ఒకడు పెద్దయ్యాక అదే నేల మీద నడిచాడు. ఆ నడక ఇరవయ్యో శతాబ్దపు పత్రికా చరిత్రలో ఒక పెద్ద తగాదాకి కారణమైంది. కొడుకు గురించి పుస్తకాలున్నాయి, సినిమా కూడా ఉంది. తల్లి పేరు మాత్రం ఎక్కడైనా ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. నాకు ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాలనిపించింది.

ఆమె ఏం చూసి ఉంటుంది? మొదట చెప్పుకోవాల్సింది, ఆమె బతికింది ఉక్రెయిన్ పల్లెలో కాదు. యజమాని ఇంట్లో. చుట్టూ కంపెనీ క్వార్టర్స్, ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు టీ. మన ఆన్‌సైట్ జీవితం తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. డల్లాస్‌లోనో మ్యూనిక్‌లోనో మూడేళ్ళున్నా పక్కింటివాళ్ళ వంటగది చూడని వాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "ఇక్కడివాళ్ళు ఇలా, ఇక్కడి పద్ధతులు అలా" అని ధారాళంగా చెప్పేస్తాం.

పైగా యూజొవ్‌కా కూడా ఒక తికమక ఊరు. ఉన్నది ఉక్రెయిన్ నేల మీద. గనుల్లో, కొలుముల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువమంది కూర్స్క్, ఓర్యోల్ లాంటి రష్యన్ జిల్లాల నుంచి వలస వచ్చినవాళ్ళు. దుకాణాలు చాలావరకు యూదులవి. పెత్తనం వెల్ష్‌వాళ్ళది. చుట్టుపక్కల ఉక్రెయిన్ రైతు మాత్రం వీలైనంతవరకు గనిలోకి దిగేవాడు కాదు. భూమి ఉన్నంతకాలం భూమినే పట్టుకుని ఉండేవాడు. కాబట్టి ఆ ఊళ్ళో ఉన్న పరదేశికి వినపడే భాష రష్యన్. ఆనీ గ్వెన్ రాసి పెట్టుకున్న జ్ఞాపకాల పేరులోనూ ఉన్నది రష్యా స్టెప్పీలే. ఉక్రెయిన్ అన్నమాట లేదు.

దీనికి ఆమెను తప్పుపట్టలేం. 1876లో జారు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఉక్రేనియన్‌లో పుస్తకాలు అచ్చువేయడం దాదాపుగా నిషిద్ధం. బడిలో ఆ భాష లేదు. అదొక భాషే కాదు, రష్యన్‌కి పల్లెటూరి యాస అన్నది ప్రభుత్వం వైఖరి. 1654లో ఆ దారిన మాస్కో వెళ్ళిన పౌల్ అనే అలెప్పో నగరపు క్రైస్తవ యాత్రికుడు, కోసక్కుల దేశంలో దాదాపు అందరూ, ఆడవాళ్ళతో సహా, చదవగలరని ఆశ్చర్యపడుతూ రాశాడు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకు అదే పల్లెల్లో సంతకం పెట్టగలవాణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది. మధ్యలో వచ్చిన వెట్టిచాకిరీ, పరాయి భాషలో బడి, ఈ రెండూ చేసిన పని అది.

విచిత్రం ఏమిటంటే ఈ పంతులమ్మది కూడా అలాంటి కథే ఉన్న దేశం. పంతొమ్మిదో శతాబ్దంలో వేల్స్ బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవాళ్ళు. (2009లో మన కడప జిల్లాలో ఒక బడి తెలుగు మాట్లాడిన పిల్లల మెడల్లో పలకలు వేయించింది. గుర్తుందా?) తన భాషకి జరిగింది తెలిసిన మనిషి, ఇంకో భాషకి అదే జరుగుతున్న చోట మూడేళ్ళు ఉంది. ఆ పోలిక ఆమెకి తట్టిందో లేదో కానీ, కంపెనీ ఇంటి కిటికీలోంచి అది కనిపించే అవకాశం తక్కువ.

ఇక ఫ్యాక్టరీ పొగ దాటి నాలుగు మైళ్ళు పోతే ఉన్న పల్లె సంగతి. ఆ పల్లె మనకి అంత పరాయిది కాదు. స్టెప్పీలో కలప తక్కువ కాబట్టి ఇళ్ళు మట్టివి. గడ్డి కలిపి తొక్కిన మట్టితో గోడలు, పైన గడ్డి కప్పు, గోడలకి తెల్లటి సున్నం. ఆ ఇంటిని "ఖాతా" అంటారు. కొత్త ఇల్లు కట్టుకునేవాడికి ఊరంతా వచ్చి ఒక రోజు మట్టి తొక్కిపెడతారు, కూలి ఉండదు, కడుపునిండా భోజనం పెట్టాలి. దాని పేరు "తొలోకా". ఇంటి లోపల నేలని మట్టి, పేడ కలిపి అలుకుతారు. చలికాలం పొయ్యిలోకి కట్టెలు లేనిచోట పేడని గడ్డితో కలిపి ఎండబెట్టి వాడతారు. మన పిడకే. బావి దగ్గర పొడుగాటి వాసం, దాని ఒక చివర బరువు, ఇంకో చివర బొక్కెన. మన ఏతం. వాళ్ళు దాన్ని "కొంగ" అని పిలుస్తారు, చూస్తే అలాగే ఉంటుంది మరి. నేల కూడా నలుపే. మన నల్లరేగడికీ దానికీ పుట్టుక వేరు, కానీ రైతు దానివైపు చూసే చూపు ఒకటే అనుకుంటాను.

ఇంట్లో తూర్పు మూలన దేవుడి పటాలు, వాటి మీద ఎర్రదారంతో కుట్టుపని చేసిన పొడుగాటి తువ్వాలు. అతిథి వస్తే అలాంటి తువ్వాలు మీదే రొట్టె, ఉప్పు పెట్టి ఎదురొస్తారు. ఆ రొట్టె పేరు "ఖ్లిబ్". ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్ళీ పని పడుతుంది.

ఆనీ గ్వెన్ వెళ్ళిపోయిన 1892 యూజొవ్‌కాకి చెడ్డ ఏడు. కలరా వచ్చింది. రోగుల్ని పట్టుకెళ్ళి విడిగా పెట్టడం మీద ఆగస్టులో గొడవ మొదలైంది, డాక్టర్ల మీద అనుమానం దుకాణాల మీదకి, దుకాణాల నుంచి యూదుల మీదకి మళ్ళింది. అంగళ్ళు తగలబెట్టారు, యూదుల ప్రార్థనా మందిరం కాలింది, కోసక్కు పటాలం వచ్చి అణిచింది. ఇంత చూసిన ఊరిని ఆమె ఇష్టంగానే తలుచుకునేది. తన చిన్నతనమంతా అమ్మ చెప్పిన ఆ కథలే రష్యన్ నేర్చుకోవాలన్న కోరిక పుట్టించాయని కొడుకు తర్వాత చెప్పుకున్నాడు.

ఆ కొడుకే గారెత్ జోన్స్. 1905లో వేల్స్‌లోని బారీ అనే రేవు పట్టణంలో పుట్టాడు. ఎబరిస్టువిత్‌లో, తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదివాడు. ఫ్రెంచి, జర్మన్, రష్యన్ బాగా వచ్చు. 1930లో మాజీ ప్రధాని లాయిడ్ జార్జ్ దగ్గర విదేశీ వ్యవహారాల సలహాదారుగా చేరాడు. ఆ ఆగస్టులోనే మొదటిసారి అమ్మ ఊరికి వెళ్ళాడు. అప్పటికి దాని పేరు స్టాలినో. అమ్మ కథల్లోని ఊరు చూడ్డానికి వెళ్ళినవాడు ఎక్కువసేపు ఉండలేకపోయాడు. ఎందుకంటే తినడానికి ఒక చిన్న రొట్టె తప్ప ఏమీ దొరకలేదు. సోవియట్ సరిహద్దు దాటి బెర్లిన్ చేరాక గానీ ఈ సంగతి ఇంటికి రాయలేదు. ఉత్తరాలు విప్పి చూస్తారని తెలుసు.

1931లో మళ్ళీ వెళ్ళాడు. అప్పటికే ఊళ్ళను సమష్టి క్షేత్రాల్లోకి తోసే పని సాగుతోంది. ఇవ్వనన్నవాడికి "కుర్కుల్" అని ముద్ర వేసి ఇల్లు, పశువులు లాక్కుని దూరదేశానికి పంపేస్తున్నారు. 1932 ఆగస్టులో పొలంలో రాలిన వెన్నులు ఏరుకున్నవాడికి కూడా పదేళ్ళ జైలు, కొన్నిసార్లు మరణశిక్ష పడేలా చట్టం వచ్చింది. శీతాకాలానికి కోటా కట్టని ఊళ్ళను నల్ల జాబితాలో పెట్టి, అక్కడికి సరుకులు ఆపేశారు. 1933 జనవరి 22న ఉక్రెయిన్, కుబాన్ రైతులు తిండి వెతుక్కుంటూ బయటికి పోకుండా రైలు టిక్కెట్లు ఆపమని ఆదేశం. వరసగా చదివితే తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నట్టు ఉంటుంది. ఆఖరున ఫిబ్రవరిలో విదేశీ విలేఖరులు అనుమతి లేకుండా మాస్కో వదిలి వెళ్ళకూడదన్నారు.

మార్చిలో గారెత్ జోన్స్ మాస్కోలో ఖార్కివ్‌కి టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కాడు. మామూలు జనం ఎక్కే చెక్కబల్లల పెట్టెలో. వీపు సంచిలో విదేశీ డబ్బుకి మాత్రమే సరుకిచ్చే దుకాణంలో కొన్న తెల్ల రొట్టె, వెన్న, జున్ను. ఖార్కివ్ ఇంకా డెబ్భై కిలోమీటర్లుందనగా ఒక చిన్న స్టేషన్లో దిగిపోయి, పట్టాల పక్కన మంచులో నడవడం మొదలుపెట్టాడు. ఎదురైన ప్రతి మనిషితో మాట్లాడాడు, రాత్రిళ్ళు రైతుల ఇళ్ళలో పడుకున్నాడు, ఏ పూటకాపూట పెన్సిల్‌తో చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మా పరిభాషలో చెప్పాలంటే మాస్కోలోని విలేఖరులంతా డాష్‌బోర్డు చూస్తున్నారు, ఇతను వెళ్ళి లాగ్స్ చదివాడు.

ఊరూరా విన్నమాట ఒకటే. ఖ్లిబ్ లేదు. ఇంగ్లీషు పత్రికల్లో అది "రొట్టె లేదు" అయింది. లండన్‌లో పొద్దున్నే టీ తాగుతూ చదివేవాడికి అది బల్ల మీద ఒక వస్తువు తక్కువైనట్టు వినిపించి ఉంటుంది. కానీ ఉక్రేనియన్‌లో ఖ్లిబ్ అంటే కాల్చిన రొట్టె మాత్రమే కాదు, పొలంలోని పైరు, గాదెలోని ధాన్యం కూడా. మనం "ఇంట్లో గింజ లేదు" అంటామే, అది. దీన్ని తెలుగులో నేరుగా అనువదిస్తే ఎంత తేలికగా అర్థమయ్యేదో!

ఒక ఊళ్ళో అంతకుముందు రెండు వందల ఎడ్లుండేవి, అప్పటికి ఆరు మిగిలాయి. జనం పశువుల మేత తింటున్నారు, అదీ నెలకి సరిపడానే ఉంది. ఆవుని తీసుకుపోయారని ప్రతి ఇంట్లో చెప్పారు. అతను దిగులుపడుతుంటే వాళ్ళే, ఇక్కడ ఇంకా నయం, దక్షిణాన పోల్తావా వైపు వెళ్ళి చూడు, అక్కడ ఇళ్ళే ఖాళీ అన్నారు. రైల్లో ఒక కమ్యూనిస్టు కరువేమీ లేదని వాదిస్తున్నాడు. గారెత్ తను తింటున్న రొట్టె అంచు తుంచి ఉమ్ముతొట్టిలో పారేశాడు. పక్కనున్న రైతు దాన్ని తీసుకుని తినేశాడు. నారింజ తొక్క పారేస్తే అదీ తిన్నాడు. కమ్యూనిస్టు ఇంకేం మాట్లాడలేదు.

రొట్టె ఉప్పుతో అతిథికి ఎదురొచ్చే పల్లెలవి. ఇప్పుడు అతిథే సంచిలోంచి రొట్టె తీసి ఇంటివాళ్ళకి పెట్టాడు. అది తిన్న ఒకామె, ఇంత మంచివి తిన్నాను, ఇక చచ్చిపోయినా ఫరవాలేదన్న అర్థంలో ఏదో అంది. అతను రాసినవాటన్నింటిలో నన్ను ఎక్కువగా వెంటాడేది ఎడ్ల లెక్క కాదు, ఈ మాట.

మార్చి 29న బెర్లిన్‌లో విలేఖరుల్ని పిలిచి అన్నీ చెప్పాడు. రెండు రోజులు తిరక్కుండా న్యూయార్క్ టైమ్స్‌లో వాల్టర్ డ్యురాంటీ జవాబు వచ్చింది. డ్యురాంటీ అంతకు ముందటి ఏడాదే సోవియట్ వార్తలకు పులిట్జర్ అందుకున్నవాడు. జనం ఆకలితో ఉన్నమాట నిజమే, కానీ ఆకలిచావులు లేవు అని తేల్చాడు. పోషణ తక్కువై వచ్చిన జబ్బులతో పోతున్నారట, ఆకలితో కాదట. ఆ వ్యాసంలో అతను పట్టుకున్న ముఖ్యమైన తప్పు ఏమిటంటే, జోన్స్ ఖార్కివ్ దగ్గర నలభై మైళ్ళు నడిచి దేశమంతటికీ తీర్పు చెప్పేశాడని. పద్ధతిగా చూస్తే ఇది కొట్టిపారేయాల్సిన అభ్యంతరం కాదు. శాంపిల్ చిన్నది. అయితే డ్యురాంటీ ఆ నెలలో ఎన్ని మైళ్ళు నడిచాడన్న ప్రశ్న కూడా వేసుకోవాలి కదా! మే 13న జోన్స్ జవాబిచ్చాడు. తన ఆధారం ఆ నడక ఒక్కటే కాదని, ఇరవైకి పైగా ఊళ్ళ రైతులు, ఇరవై ముప్పై మంది రాయబారులు, జర్మన్ వలస రైతుల ఉత్తరాలు ఉన్నాయని వివరించాడు. విలేఖరుల్ని తిట్టలేదు. సెన్సారు వాళ్ళని మెత్తటి మాటలు వెతుక్కునే నిపుణులుగా మార్చేసిందన్నాడు. 1937లో యూజిన్ లయన్స్ అనే మాస్కో విలేఖరి తన పుస్తకంలో, మేమంతా కలిసి ఆ కుర్రాణ్ణి అబద్ధాలకోరుని చేశామని ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు వినడానికి అప్పటికి గారెత్ లేడు.

ఇక్కడ మన సంగతి కొంచెం. తెలుగువాళ్ళకి సోవియట్ పల్లె పరిచయమైంది "సోవియట్ భూమి" పత్రికలోంచి, ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాల్లోంచి. నున్నటి కాగితం మీద ట్రాక్టరు నడిపే నవ్వుముఖం అమ్మాయి, మోకాలెత్తు గోధుమ చేను. ఆ కాగితాలతో నోటు పుస్తకాలకు అట్టలు వేసుకున్న తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. ఆ పుస్తకాలు మనకి తోల్స్తోయ్‌ని, గోర్కీని, పిల్లలకి అంత మంచి బొమ్మల్ని ఇచ్చాయి. ఆ ఋణం ఋణమే. కానీ ఆ నున్నటి కాగితంలో 1933 అన్న ఏడాది లేదు. ఈ మాటంటే కొందరు మిత్రులకి కోపం వస్తుందని తెలుసు. 1935లో హర్స్ట్ పత్రికలు వేసిన కరువు ఫోటోలు దొంగవి కదా అంటారు. అవును, దొంగవే, అవి వేరే కాలానివి. అది హర్స్ట్ పత్రికల బుద్ధి గురించి చెబుతుంది. గారెత్ పెన్సిల్ నోట్సుకి, సోవియట్ దస్త్రాలు తెరిచాక బయటపడిన ఆదేశాలకి ఆ ఫోటోలతో సంబంధం లేదు. ఒక్క సోవియట్ ఉక్రెయిన్‌లోనే చనిపోయినవాళ్ళు సుమారు 39 లక్షలని జనాభా శాస్త్రవేత్తలు ఎక్కువమంది ఒప్పుకునే లెక్క.

2019లో అగ్నియెష్కా హోలాండ్ తీసిన "మిస్టర్ జోన్స్" సినిమా గురించి కూడా ఒక మాట. మంచు, నిశ్శబ్దం బాగా తీసింది. కానీ అందులో గారెత్ కళ్ళముందు మనిషి మాంసం తినే దృశ్యం పెట్టారు. అతని నోట్సులో అలాంటిదేమీ లేదు. కుటుంబంవాళ్ళు అభ్యంతరం చెప్పారు, సరైన అభ్యంతరమే. అబద్ధాలకోరని ముద్ర వేయించుకున్న మనిషి కథలో, అతను చూడనిది చూశాడని చూపించడం ఎంత అన్యాయం! ఉమ్ముతొట్టిలోని రొట్టెముక్క చాలదా?

నాకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. గారెత్‌ని అందరూ ఒంటరి వీరుడిగా చూపిస్తారు. మంచులో అపరిచితుడి తలుపు తట్టి, భాషలో పలకరించి, రాత్రికి చోటు అడిగే చనువు ఊరికే రాదు. మాస్కోలో పదేళ్ళున్న విలేఖరులకు లేని చనువు అది. ఆనీ గ్వెన్ స్వయంగా ఆ ఇళ్ళలోకి ఎంత దూరం వెళ్ళిందో ఏమో కానీ, ఆ మనుషుల్ని ఇష్టపడటం మాత్రం కొడుక్కి చిన్నప్పుడే అంటించింది. మ్యాపు మీద ఉక్రెయిన్ అతనికి ఒక వార్త జరిగే చోటు కాదు, అమ్మ పనిచేసిన ఊరు.

సోవియట్ దేశం అతన్ని మళ్ళీ రానివ్వలేదు. కొన్నాళ్ళు కార్డిఫ్‌లో స్థానిక పత్రికలో పనిచేసి, 1934 చివర ప్రపంచయాత్రకి బయల్దేరాడు. 1935లో మంగోలియా లోపలి ప్రాంతంలో బందిపోట్లు పట్టుకున్నారు. వెంట ఉన్న జర్మన్‌ని రెండు రోజుల్లో వదిలేశారు. గారెత్‌ని ఆగస్టు 12న కాల్చి చంపారు. మర్నాటికి అతనికి ముప్పై ఏళ్ళు నిండేవి.

నోటు పుస్తకాలు బారీలోని ఇంట్లోనే ఉండిపోయాయి. 1990ల్లో అతని మేనకోడలు వాటిని బయటికి తీసింది, ఇప్పుడవి ఎబరిస్టువిత్‌లో వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. అదే ఊళ్ళో అతను చదివిన విశ్వవిద్యాలయంలో 2006లో ఒక శిలాఫలకం పెట్టారు. దాని మీద మూడు భాషలున్నాయి: వెల్ష్, ఇంగ్లీషు, ఉక్రేనియన్.